పురుగు ఫొటోలో పేరు ఎంతవరకు కనిపిస్తుంది?

"ఇదేం పురుగు?" అని ఫొటో పంపేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది పేరు కాదు. కుడుతుందా, ఒంటి మీద పాకితే ఏమవుతుంది, చేను పాడుచేస్తుందా, మళ్లీ ఇంట్లోకి వస్తుందా అన్నవే అసలు ప్రశ్నలు. పేరు తెలిస్తే అవన్నీ తేలిపోతాయని నమ్మకం. అది కొంతవరకు నిజమే. అయితే ఫొటో చూసి పేరు చెప్పాలంటే రెండు లెక్కలు కుదరాలి. అడిగినవాళ్ల అవసరానికి ఎంత కచ్చితమైన పేరు కావాలన్నది ఒకటి. ఆ ఫొటోలో ఎంతవరకు కనిపిస్తోందన్నది రెండోది. రెండూ కుదిరితే జవాబు అర నిమిషంలో వచ్చేస్తుంది. కుదరని చోటే తప్పుడు పేర్లు పుడతాయి, వాటి వెనకాలే టెన్షన్ కూడా.

2022 వానాకాలంలో మహారాష్ట్ర, కర్ణాటక వైపు ఒక ఫొటో విపరీతంగా తిరిగింది. ఒంటి నిండా ముళ్లున్న పచ్చటి గొంగళిపురుగు. పత్తి చేలలో కొత్తగా వచ్చిందని, కరిస్తే ఐదు నిమిషాల్లో ప్రాణం పోతుందని దాని కింద రాత. తోడుగా పొలంలో పడి ఉన్న మృతదేహాల ఫొటో. నిజానికి ఆ పురుగు కొత్తదీ కాదు, ప్రాణాలు తీసేదీ కాదు. లిమాకోడిడే అనే కుటుంబానికి చెందిన గొంగళి అని కీటక శాస్త్రవేత్తలు చూడగానే చెప్పారు. ముళ్లు గుచ్చుకుంటే మంట, దద్దుర్లు వస్తాయి. ఎలర్జీ ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి రావచ్చు. ఇక ఆ మృతదేహాలు పిడుగుపాటుకు చనిపోయినవాళ్లవి. పుకారును ఆపడానికి కుటుంబం పేరు దాకా వెళ్తే సరిపోయింది. ఆ కుటుంబంలో ఏ జాతి అన్నది రైతు అడిగిన ప్రశ్నకు అక్కర్లేదు.

ఇంతవరకు పేరు పెట్టిన కీటకాలు సుమారు 10 లక్షల జాతులు. అందులో మూడో వంతుకు పైగా పెంకు పురుగులే. పేరు పెట్టనివి అంతకు ఎన్నో రెట్లు ఉంటాయని అంచనా. అందుకే గుర్తింపు మెట్లు మెట్లుగా సాగుతుంది: పెంకు పురుగా, ఈగా, కందిరీగల గుంపుదా అన్నది మొదటి మెట్టు, తర్వాత కుటుంబం, ఆ తర్వాత ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, చివరికి జాతి. మొదటి రెండు మెట్లు మంచి ఫొటోతో సాధారణంగా ఎక్కేయొచ్చు. మూడో దాంట్లో కాలు జారడం మొదలవుతుంది. నాలుగోది చాలా పురుగుల విషయంలో మగదాని జననాంగాలను మైక్రోస్కోప్ కింద చూస్తే గానీ దాటలేం. వీపు వైపు నుంచి తీసిన ఫొటో, ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా, ఆ పని చేయలేదు.

మొదట చూడాల్సింది కాళ్లు. ఆరు ఉంటే కీటకం. చిన్నప్పుడు బడిలో చదివిన సంగతే, కానీ ఫొటో ముందుకొచ్చేసరికి చాలామంది మర్చిపోయేది కూడా ఇదే. తొలకరి పడగానే ఎర్రమట్టి నేలల మీద తిరిగే ఆరుద్ర పురుగును మనం పురుగు అంటాం, మాట్లాడుకోవడానికి అందులో తప్పేమీ లేదు. కాళ్లు లెక్కపెడితే మాత్రం ఎనిమిది. అది సాలీళ్లు, తేళ్ల బంధువు. చిత్రం ఏమిటంటే, గుడ్డు నుంచి బయటపడ్డప్పుడు దాని పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి. ఆ దశలో అది మిడతల వంటి కీటకాలను అంటిపెట్టుకుని బతుకుతుంది. ఒక మిడత రెక్క మీద ఎర్రటి చుక్కల్లా ఏవో అతుక్కున్న ఫొటో వస్తే, ఆ చుక్కలు ఇవే కావచ్చు.

కాళ్ల లెక్కను కావాలని తప్పించే జీవులూ ఉన్నాయి. మామిడి ఆకులను కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు తెలిసినవే. వాటి మధ్యలోనే, అదే రంగులో, అదే నడుముతో ఒక సాలీడు తిరుగుతుంది. ముందు కాళ్లు రెండూ పైకెత్తి చీమ మీసాల్లా ఆడిస్తుంది. పైనుంచి తీసిన ఫొటోలో ఆరు కాళ్లు, రెండు మీసాలు ఉన్న చీమే కనిపిస్తుంది. ముఖం వైపు నుంచి తీస్తే ముందు పెద్ద కళ్లు రెండు మెరుస్తూ కనబడతాయి, గుట్టు బయటపడుతుంది. ఎక్కువ ఫొటోలు కాదు, వేరే వేరే వైపుల నుంచి తీసిన ఫొటోలు కావాలని గుర్తించేవాళ్లు మొత్తుకునేది ఇందుకే.

కాళ్ల తర్వాత రెక్కలు, మీసాలు. పసుపు, నలుపు చారలతో పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడే చిన్న పురుగును తేనెటీగ అనుకుంటారు. రెక్కలు రెండే ఉండి, కళ్లు తలంతా ఆక్రమించి, మీసాలు కనీకనిపించకుండా ఉంటే అది ఈగ. కుట్టదు. తేనెటీగకు, కందిరీగకు నాలుగు రెక్కలు. కాకపోతే వెనక జత ముందు జతకు కొక్కేలతో తగులుకుని ఉండటం వల్ల ఫొటోలో రెండుగానే కనిపించవచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెక్కల కంటే ముందు మీసాలు చూస్తారు.

మీసాలు ఎంత పని చేస్తాయో తెలియాలంటే ఒక పురుగును కాస్త దగ్గరగా చూడాలి. ఎండుపుల్ల మీద వాలిన, తూనీగలా ఉండి తూనీగ కాని పురుగు. ఫొటోలో సన్నటి పొడవాటి ఒళ్లు, నాలుగు పారదర్శకమైన రెక్కలు, వాటి నిండా వల అల్లినట్టు ఈనెలు. తూనీగ అనేయడానికి ఇవి చాలు. కానీ తూనీగ వాలినప్పుడు రెక్కలు అడ్డంగా చాపి ఉంచుతుంది. ఇది ఇంటి కప్పులా వెనక్కి వాల్చి పుల్లకు ఆనించింది. తూనీగ మీసాలు వెంట్రుకంత, చూస్తే గానీ ఉన్నట్టు తెలియదు. దీని మీసాలు దాదాపు ఒంటి పొడవు, చివర సీతాకోకచిలుక మీసానికి ఉన్నట్టు గుండు. ఇంకోటి: రెక్కలూ తలా పుల్లకు అంటుకుని ఉంటే, పొట్ట మాత్రం పక్కకు లేచి చిన్న కొమ్మలా నిలబడింది. ఇవన్నీ కలిస్తే ఇది గుడ్లగూబ ఈగ అని ఇంగ్లీషువాళ్లు పిలిచే అస్కలాఫిడ్. ఈగ కాదు. ఇసుకలో గరాటు గుంతలు చేసి చీమలను పట్టే పురుగు ఉందే, దానికి దగ్గరి చుట్టం. ఆ గుంతల పురుగు పెద్దదై రెక్కలొచ్చాక అదీ తూనీగలాగే ఉంటుంది, కానీ మీసాలు పొట్టివి, చివర వంపు తిరిగి ఉంటాయి.

అంటే మీసం పొడవు ఒక్కటి చూసి మూడు వేరు వేరు పురుగులను విడదీయవచ్చు. ఇంకొంచెం ముందుకు పోవాలంటే కళ్లు చూడాలి. ఈ గుంపులో కొన్నిటి కన్ను మధ్యలో అడ్డంగా గాడి ఉండి రెండు ముక్కలుగా కనిపిస్తుంది, కొన్నిటికి ఉండదు. పక్కనుంచి దగ్గరగా తీసిన ఫొటో ఉంటేనే ఆ గాడి తెలుస్తుంది. లేకపోతే కుటుంబం దగ్గరే ఆగిపోవడం నిజాయతీ. సాయంత్రం పూట చిన్న పురుగులను వేటాడుకునే, మనిషికి ఏ హానీ చేయని ఈ పురుగు విషయంలో ఇంటివాళ్లకు అంతకు మించి అవసరం కూడా లేదు.

ఒక్కోసారి అసలు పురుగో కాదో తేలదు. "మా పెరట్లో హమ్మింగ్ బర్డ్ వచ్చింది" అని వచ్చే వీడియోలు ఈ రకం. హమ్మింగ్ బర్డ్ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేదు. మన దగ్గర పట్టపగలు పూల ముందు గాల్లో నిలిచి, పొడవాటి గొట్టం చాపి తేనె తాగేది హాక్ మాత్ అనే పురుగు. వీడియో ఆపి చూస్తే తల మీద రెండు మీసాలు ఉంటాయి. మీసాలున్న పక్షి లేదు. ఇక్కడ ఫొటో కంటే ముందు జవాబు చెప్పింది భూగోళం. ఏ ఊరు, ఏ నెల అన్న రెండు ముక్కలు లేకుండా వచ్చే ఫొటోలు సగం చేతులు కట్టేసినట్టే.

ఆ రెండిటి తర్వాత విలువైనది మొక్క పేరు. గొంగళిపురుగుల్లో చాలావాటికి తినే మొక్కలు లెక్కగా ఉంటాయి. నందివర్ధనం ఆకుల మధ్య బొటనవేలంత పచ్చటి పురుగు, తల వెనక తెలుపు-నీలం కలిసిన రెండు గుండ్రటి కంటి మచ్చలు, తోక మీద చిన్న కొమ్ము. ఫొటో మసకగా ఉన్నా, నందివర్ధనం మీదో గన్నేరు మీదో దొరికిందని చెబితే అది ఒలియాండర్ హాక్ మాత్ పిల్ల అని దాదాపు ధైర్యంగా అనొచ్చు. ఆ కంటి మచ్చలు చూసి పాము పిల్లేమో అని జడుసుకుంటారు, పాపం అది నాలుగు ఆకులు తిని మట్టిలోకి వెళ్లిపోయేది. అదే పురుగును తెల్ల కాగితం మీద పెట్టి బ్రహ్మాండంగా ఫొటో తీసి, ఏ మొక్క మీద దొరికిందో చెప్పకపోతే ఒక ఆధారం చేతులారా చెరిపేసినట్టు.

పరిమాణం సంగతీ అంతే. ఇప్పటి ఫోన్లు అర సెంటీమీటరు పురుగును తెర నిండా చూపిస్తాయి. చూసేవాడికి అది అగ్గిపుల్ల తలంతా, అరచేయంతా అన్నది తెలియదు. పక్కన రూపాయి నాణెమో బియ్యపు గింజో పడేస్తే ఆ సమస్య తీరుతుంది.

వానాకాలం రాత్రుళ్లు ట్యూబులైటు చుట్టూ చేరే పురుగుల్లో చీమలా సన్నగా, సెంటీమీటరు లోపు పొడవుతో ఒకటి ఉంటుంది. తల నలుపు, మెడ భాగం నారింజ రంగు, నడుము దగ్గర ముదురు నీలం మెరుపుతో పొట్టి రెక్కల డిప్పలు, మళ్లీ నారింజ రంగు పొట్ట, చివర నలుపు. ఇంత వరసగా రంగులు ఉండటం వల్ల సాదా ఫొటోలోనూ దొరికిపోతుంది: పెడెరస్ అనే పెంకు పురుగు. ఇది కరవదు, కుట్టదు. ఒంటి మీద వాలినప్పుడు చేత్తో నలిపేస్తే లోపలి ద్రవం అంటుకుని, మర్నాటికల్లా కాలినట్టు బొబ్బలు లేస్తాయి. కాబట్టి నలపకుండా ఊదేయాలి, తగిలిన చోట సబ్బుతో కడుక్కోవాలి. ఈ ప్రజాతిలో చాలా జాతులున్నాయి, ఫొటోతో విడదీయడం కష్టం. కానీ ఏ జాతి అయినా చేయాల్సింది ఇదే. ప్రజాతి దగ్గర ఆగిపోయిన జవాబును అసంపూర్తి జవాబు అనుకోనక్కర్లేదు.

పంటల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ జాతి పేరే కావాలి, ఎందుకంటే మందూ మోతాదూ దాన్ని బట్టే. ఇందులో తెలుగు రైతులు చూసిన రెండు అనుభవాలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్న మొవ్వుల్లో ఒక కొత్త గొంగళిపురుగు బయటపడింది. అమెరికా ఖండాల నుంచి 2016 నాటికి ఆఫ్రికా చేరి, అక్కడి నుంచి ఇటు వచ్చిన కత్తెర పురుగు అది. కొన్ని నెలల్లోనే తెలంగాణ, ఆంధ్ర మొక్కజొన్న చేలకు పాకింది. అదృష్టం ఏమిటంటే దాని ఆనవాళ్లు ఒంటి మీదే ఉన్నాయి: తల మీద తిరగేసిన ఇంగ్లీషు 'వై' ఆకారంలో తెల్ల గీత, తోకకు దగ్గరగా ఒక ఖండం మీద చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలు. 'వై' గీత ఒక్కటే చూసి నమ్మకూడదు, లద్దె పురుగుల్లో వేరేవాటికీ ఆ ఛాయ ఉంటుంది. నాలుగు చుక్కలూ కలిస్తేనే ఖాయం. ఎదిగిన పురుగును తల, తోక రెండూ కనిపించేలా ఫోన్‌తో తీస్తే చాలు, వ్యవసాయ అధికారి పొలానికి రాకుండానే చెప్పగలిగాడు. పురుగు బాగా చిన్నదై ఉంటే మాత్రం ఆ గుర్తులు ఇంకా తేలి ఉండవు.

2021 చివర్లో మిరపకు వచ్చిన కష్టం వేరు. గుంటూరు నుంచి ఖమ్మం దాకా తోటల్లో పూలు విప్పి చూస్తే లోపల గుంపులు గుంపులుగా నల్లటి నలుసులు. రైతులకు తామర పురుగు కొత్త కాదు, ఆకు పైముడత పడితే అదేనని తెలుసు. ఇది ఆకు కంటే పూల మీద పడింది, పూత రాలింది, అలవాటైన మందులకు లొంగలేదు. ఇదీ తామర పురుగుల్లోనే ఒక జాతి, పేరు త్రిప్స్ పార్విస్పైనస్. 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద దీన్ని గుర్తించారు. పొడవు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. ఫోన్‌తో ఎంత జూమ్ చేసినా నల్లటి గీతే వస్తుంది, పైగా పూలలో నల్లగా కనిపించే తామర పురుగులు వేరే రకాలూ ఉన్నాయి. తేల్చాలంటే గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోప్ కింద మీసంలోని కణుపులూ మెడ మీది వెంట్రుకలూ లెక్కించాలి, లేదా డీఎన్‌ఏ చూడాలి. పేరు అత్యవసరమైన చోటే ఫొటో చేతులెత్తేసింది. అప్పట్లో వాట్సాప్ ఫొటోలు చూసి మందు మీద మందు రాసిచ్చినవాళ్లు ఉన్నారు. ఆ ఖర్చు ఎవరి మీద పడిందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చాలామంది మొదట అడిగేది మనిషిని కాదు, యాప్‌ను. గూగుల్ లెన్స్ ఫొటోను పోలిన ఫొటోలు వెతికి చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో పురుగుల ఫొటోలు అమెరికా, యూరప్‌లవి ఎక్కువ కాబట్టి తాడేపల్లిగూడెం పెరటి పురుగుకు టెక్సాస్ పేరు తగిలించడం దానికి మామూలు. 2008లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఐనాచురలిస్ట్ కొంచెం మెరుగు. అది చోటు చూసుకుంటుంది, తెలియకపోతే కుటుంబం దగ్గర ఆగుతుంది, మనుషులు సరిదిద్దే వీలుంది. గుర్తించినవాళ్లలో మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి పేరు చెబితే దానికి 'రీసెర్చ్ గ్రేడ్' ముద్ర పడుతుంది. ఆ ముద్రను కళ్లు మూసుకుని నమ్మడం మంచిది కాదు. మొదటి పేరు యాప్ సూచించింది, రెండో మనిషి సరేనన్నాడు, అంతే అయిన సందర్భాలు బోలెడు. సీతాకోకచిలుకల్లో ఇది పెద్దగా ఇబ్బంది పెట్టదు, చూడగానే తెలిసేవి ఎక్కువ. చిన్న ఈగలు, చిన్న కందిరీగల్లో మాత్రం జాతి పేరు కనిపించిందంటే అనుమానించాల్సిందే.

ఇంతకీ ఏ నిపుణుడికీ, ఏ యాప్‌కూ దొరకని పురుగు ఫొటోలో ఉంటే? అలాంటిది జరిగింది. 2011 మేలో మలేసియాలోని సెలంగోర్ అడవిలో గ్వెక్ హాక్ పింగ్ అనే ఫొటోగ్రాఫర్ జాలరెక్కల పచ్చ పురుగు ఒకదాన్ని ఫొటోలు తీశాడు. రెక్కల మొదట్లో నల్లటి అల్లిక, మధ్యలో నీలి మచ్చలు. ఫొటో అయిపోయాక పురుగు ఎగిరిపోయింది. ఫొటోలు ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో పెట్టాడు. కాలిఫోర్నియాలో ఈ గుంపు పురుగుల మీదే పనిచేసే షాన్ వింటర్టన్ వాటిని అనుకోకుండా చూసి, ఆ అల్లిక తనకు తెలిసిన దేనికీ సరిపోవడం లేదని తోటి నిపుణులకు పంపాడు. వాళ్లకూ తెలియలేదు. కొత్త జాతి అయి ఉండొచ్చని అంతమంది అనుకున్నా, ఫొటో చూసి ఎవరూ పేరు పెట్టలేదు. పురుగు కావాలని గ్వెక్‌కు రాశారు. సుమారు ఏడాది తర్వాత ఆయన అదే చోట మళ్లీ ఒకదాన్ని పట్టుకున్నాడు. దాన్ని లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియంలోని స్టీవ్ బ్రూక్స్‌కు పంపారు. ఆయన పోల్చి చూస్తే అదే జాతిది ఇంకొకటి, దశాబ్దాల కిందట బోర్నియోలోని సబాలో పట్టినది, మ్యూజియంలోనే పేరు లేకుండా ఉంది. 2012లో ముగ్గురూ కలిసి సెమాక్రైసా జేడ్ అని పేరు పెట్టి ప్రకటించారు. జేడ్ అన్నది పచ్చరాయిని బట్టి కాదు, వింటర్టన్ కూతురి పేరు.

దీన్ని ఫొటో గెలిచిన కథగా చెప్పుకోవడం అలవాటైపోయింది. సగమే నిజం. ఫొటో చేసిన పని, ఇది కొత్తదేమో చూడమని సరైన మనిషి కంట పడటం. తేల్చింది మాత్రం పట్టి తెచ్చిన పురుగు, మ్యూజియం పెట్టెలో దాచిన ఇంకో పురుగు.

దీనికి ఎదురు వాదన కూడా పెద్దదే. 2015లో స్టీఫెన్ మార్షల్, నీల్ ఎవెన్‌హూయిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దక్షిణాఫ్రికాలో కనిపించిన, తుమ్మెదను అనుకరించే ఒక ఈగకు కేవలం ఫొటోల ఆధారంగా మార్లీమియా జైలోకోపే అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది దాదాపు 500 మంది వర్గీకరణ శాస్త్రవేత్తలు ఇది సరైన పద్ధతి కాదని సంతకాలు చేశారు. రేపు దాన్ని పోలిన ఇంకో ఈగ దొరికితే, ఫొటోలో కనపడని భాగాన్ని దేనితో పోల్చాలన్నది వాళ్ల ప్రశ్న. అడవులు తరిగిపోతున్న వేగం చూసి పట్టుకునేదాకా ఆగలేం అన్నవాళ్లదీ తోసిపుచ్చే మాట కాదు. అయినా మిరప తోటల అనుభవం చూశాక ఆ 500 మంది వైపే మొగ్గు చూపాల్సి వస్తుంది.

కాబట్టి పంటను తినే తెలియని పురుగు కనిపిస్తే ఫొటోతో ఆగకుండా నాలుగైదు పురుగులను చిన్న సీసాలో స్పిరిట్ పోసి ఉంచి, ఏ ఊరు, ఏ పంట, ఏ తేదీ అన్నది పెన్సిల్‌తో రాసిన చీటీ అందులోనే వేసి కృషి విజ్ఞాన కేంద్రానికి ఇవ్వడం మేలు. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది, పెన్సిల్ రాత పోదు. ఇంట్లోనో పెరట్లోనో కనిపించిన దానికి అంత శ్రమ అక్కర్లేదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం వైపు ఒకటి తీస్తే చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి, అందులో దాగి ఉన్న తేదీ, చోటు వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటాయి. సొంత ఇంటి చిరునామా అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే, మామూలుగానే పంపి ఊరు, నెల టైపు చేస్తే సరిపోతుంది.